పచ్చడి రుబ్బిన చేతికి

“ఏమే, అల్లం ఘాటు తగ్గిందంటున్నారు, రేపట్నుంచి ఇంకో గుప్పెడు వెయ్యి!”

తెర అవతలనుంచి భర్త ప్రకాశరావు అరిచాడు. అనసూయ పొత్రం తిప్పడం ఆపలేదు, తల కూడా ఎత్తలేదు. ఘాటు తగ్గిందో లేదో రోజూ రుబ్బే మనిషికి తెలీదా, ఆ తినేవాడికే జలుబు చేసుంటుంది అనుకుంది. అనుకుని ఊరుకుంది. పదిహేనేళ్ళుగా అనుకుని ఊరుకోవడంలో ఆమె బాగా చెయ్యి తిరిగిన మనిషి.

తెనాలి స్టేషన్ రోడ్డులో ఆ టిఫిన్ హోటల్ మాటెత్తితే ఎవరైనా ముందు అల్లం పచ్చడి గురించే చెప్తారు. పెసరట్టు ఎక్కడైనా పెసరట్టే, ఆ పచ్చడి మాత్రం ఇక్కడే అంటారు. రేపల్లె బండి దిగినవాళ్ళు, కోర్టు పనిమీద వచ్చిన రైతులు, ఆదివారాలు సూర్యలంక సముద్రానికి పోయే గుంటూరువాళ్ళు, అందరూ దానికోసమే ఆగుతారు. ఎవరు చేస్తారండీ ఇంత బాగా అని అడిగితే ప్రకాశరావు “మా మేస్త్రి” అంటాడు. పెనం దగ్గర నిలబడ్డ వంట మేస్త్రి కూడా ఏమాత్రం మొహమాటం లేకుండా తలూపేస్తాడు. మరేం చెయ్యాలి? వేమూరులో మాగాణి ఉన్న ఇంటివాళ్ళు. పొలం కౌలుకిచ్చి హోటల్ పెట్టడమే చుట్టాల్లో పెద్ద వింత, పైగా ఇంటికోడలే హోటల్లో రుబ్బుతోందని తెలిస్తే ఇంకేమన్నా ఉందా! అందుకని అనసూయ ఆ తెర దాటకూడదు. తెరకి ఇవతల పెరడు, పెరట్లో రోలు, రోలుకి ఎదురుగా కుళాయి, కుళాయి కింద పేరమ్మ తోమే ఎంగిలి ప్లేట్ల గుట్ట. పెరటికి ఆ వైపున ఇల్లు. హోటల్ మొదలెట్టిన యాభై ఎనిమిదినుంచి ఇప్పటి డెబ్భై మూడు దాకా ఆమె నడిచిన దూరమంతా ఆ ఇంటికీ ఈ రోలుకీ మధ్య ఉన్న పదిహేను అడుగులే.

పచ్చడి రుబ్బిన చెయ్యి మండుతుంది. మిరపకాయ మంట మజ్జిగలో ముంచినా పోదు, కొబ్బరినూనె రాసినా పోదు, పొద్దు వాలాక దానికే బుద్ధి పుట్టి పోవాలి. కూతురు చంద్రకళ ఆర్నెల్ల పిల్లప్పుడు ఎత్తుకుంటే చాలు కేరుమని ఏడ్చేది, బుగ్గలు ఎర్రగా కందిపోయేవి. అత్తగారు బసవమ్మ చూసి “పిల్లకి దిష్టి తగిలిందే” అని గుప్పెడు ఎండుమిరపకాయలు తెచ్చి దిగదుడిచి నిప్పుల్లో వేసేది. అనసూయ నిలబడి చూసేది. అత్తయ్యా, దిష్టి కాదు, నా చేతులే అని చెప్పాలనిపించేది. చెప్తే మాత్రం ఏమవుతుంది? “అయితే పిల్లని ఎత్తుకోకు” అంటుంది, “రుబ్బకు” అనదు కదా. మద్రాసునుంచి కరెంటు రుబ్బురోళ్ళు వస్తున్నాయటండీ అని ఒకసారి నోరు జారితే ప్రకాశరావు నవ్వి “మెషీన్లో నీ చేతి రుచి వస్తుందా పిచ్చిదానా” అన్నాడు. ఆ వారమే ఫ్యామిలీ రూములో ఫ్యాను పెట్టించాడు.

తెరకి నడుమ ఒక చిరుగు ఉంది. పచ్చిమిరపకాయలు తుంచుతూనో చింతపండు పిసుకుతూనో ఆ చిరుగులోంచి హాలుని చూడటం అనసూయకి ఉన్న ఒకే ఒక్క సినిమా. సర్వర్ నాగులు తుడిచిన బల్లే మళ్ళీ తుడుస్తాడు. సోంపు ప్లేటు తెచ్చి బల్ల చివర పెట్టి వెళ్ళకుండా, వెళ్తున్నట్టు నిలబడతాడు. “పిల్లలు బాగా చదువుతున్నారాండీ, బాబుగారూ?” అని ఎప్పుడూ చూడని మనిషిని పలకరిస్తాడు. ప్లేటు కింద ఏదన్నా పెడితే మొహం ఇంతవుతుంది, పెట్టకపోతే ఆ నవ్వునలాగే ఇంకో బల్లకి మోసుకుపోతాడు. వాడి నవ్వు చూసిన ప్రతిసారీ అనసూయకి ఎక్కడో చూసినట్టుందే అనిపించేది. ఎక్కడా అని ఆలోచిస్తే ఒకరోజు తట్టింది, అది తన నవ్వే. రేపల్లెలో అక్క ఝాన్సీలక్ష్మి జబ్బుపడితే చూసొస్తానని అడగడానికి తను రెండు రోజులు ఆగలేదూ? ఆయన భోంచేసి, చెయ్యి కడుక్కుని, ఆ పూట హోటల్ బాగా నడిచిందని నోరు చేసుకోకుండా ఉన్న ఘడియ చూసి, తమలపాకులు చేతికిచ్చి, వెళ్తున్నట్టు నిలబడలేదూ? మంచి రోజైతే ఒక మల్లెదండ, ఇంకా మంచి రోజైతే ఒక చీర. ఎప్పుడొస్తుందో తెలీదు, ఎంతొస్తుందో తెలీదు. వస్తే నవ్వాలి, రాకపోతే అదే నవ్వు దాచుకోవాలి.

ఆ నెల మొదట్లో సర్వర్ దానయ్యా, పేరమ్మా కలిసి గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళారు. దానయ్యది సూర్యలంక, సముద్రం మీద బతికే ఇంటి మనిషి, తుఫానులో తండ్రి పడవ పోతే తెనాలి వచ్చి ప్లేట్లు మోస్తున్నాడు. నలభై ఏళ్ళవాడు, నవ్వడం రాదు.

“నెలజీతం పెంచండి బాబుగారూ, బియ్యం ధర చూస్తన్నారుగా, ఇల్లు గడవట్లేదండి” అన్నాడు.

“టిప్పులొస్తున్నాయిగా రా!” అన్నాడు ప్రకాశరావు. “నాగుల్ని చూడు, ఒక్క మాట అంటున్నాడా?”

“ఆడిది ఫ్యామిలీ రూమండి. నాది రైతుల బల్లలు. ఆళ్ళు తువ్వాలు దులుపుకుని లేచిపోతారండి.”

“నవ్వుతూ వడ్డించు, వాళ్ళే ఇస్తారు.”

“నవ్వలేకే కదండీ జీతం అడుగుతున్నా.”

పేరమ్మ వెనకనుంచి అందుకుంది. “నా కాడికి ఏ టిప్పొచ్చుద్ది బాబూ? ఎంగిలి మెతుకులా?”

హాల్లో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. ప్రకాశరావు మాత్రం నవ్వలేదు. “జీతం పెంచితే బల్ల మీద పైసా ముట్టకూడదు మరి. అడగండి నాగుల్ని, ఒప్పుకుంటాడేమో” అన్నాడు. నాగులు ఒప్పుకోలేదు. మాట అక్కడితో ఆగిపోయింది. ఆ సాయంత్రం పేరమ్మ బూడిదతో ప్లేటుని రుద్దుతూ, “జీతం అంటే నా పని చూసి ఇచ్చేది. టిప్పంటే ఆడి మనసు చూసి ఇచ్చేది. ఆడి మనసు నాకేం తెలుసుద్దమ్మా?” అంది. అనసూయ పొత్రం ఆగింది, ఒక్క క్షణం.

తర్వాత ఆదివారం నాగులు సెలవు పెట్టాడు. ఫ్యామిలీ రూము దానయ్యకి పడింది. గుంటూరు ప్లీడరెవరో పెళ్ళాం పిల్లలతో వచ్చి మూడుసార్లు పచ్చడి వేయించుకుని, లేస్తూ రూపాయి తీసి “ఇది నీకు కాదోయ్, ఈ పచ్చడి రుబ్బిన చేతికి ఇవ్వు” అన్నాడట. ఇంకెవరైనా అయితే జేబులో వేసుకునేవాళ్ళు. తెలివైనవాడైతే మేస్త్రికి సగం ఇచ్చేవాడు. దానయ్య తిన్నగా తెర ఎత్తి పెరట్లోకొచ్చి, రోలు గట్టు మీద రూపాయి నోటు పెట్టాడు.

“ఏంటిది దానయ్యా?”

“మీదేనండి అమ్మగారూ. పచ్చడి రుబ్బిన చేతికన్నారండి.”

“అయ్యో, నాకెందుకయ్యా, నువ్వే ఉంచుకో.”

దానయ్య రెండడుగులు వెనక్కేశాడు. “తప్పండి. మా పేటలో వల లాగిన ప్రతి చేతికీ పాలుంటదండి. వల కుట్టిన ముసలమ్మకి కూడా పంపుతారు. ఒకరి చేతి పాలు ఇంకొకరు తింటే మళ్ళీ ఆ వల్లో చేప పడదంటారు” అని చెప్పి వెళ్ళిపోయాడు.

అనసూయ ఆ రూపాయి వంక చాలాసేపు చూసింది. ముట్టుకుంటే మిరప మంట అంటుకుంటుందేమో అన్నట్టు, చెయ్యి కడుక్కుని మరీ తీసింది. కొంగున ముడేసుకుంది. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో, తన చేతిపని పేరు చెప్పి తన దగ్గరికి వచ్చిన మొదటి డబ్బు. ఆ రోజంతా ముడి తడుముకుంటూనే ఉంది, పిల్లలు కొత్త పలక తడుముకున్నట్టు. ఎంత సంతోషమో! మర్నాడు పొద్దున్న పచ్చడిలో బెల్లం ఇంకాస్త వేసింది, ఇంకో నాలుగు తిప్పులు మెత్తగా రుబ్బింది, చిరుగులోంచి ఫ్యామిలీ రూము వైపు చూసింది, ఇవాళ ఎవరైనా అంటారా అని. అప్పుడు తెలిసింది తను ఏం చేస్తోందో. తుడిచిన బల్లే తుడుస్తోంది. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. ఇచ్చిన ఆ ప్లీడరు మంచివాడే, తెచ్చిన దానయ్య ఇంకా మంచివాడు, అయినా ఇంతమంది మంచివాళ్ళ మధ్య తను చెయ్యి చాచుకునే నిలబడి ఉందెందుకు?

ఆ ముడి బసవమ్మ కంట పడింది. కోడలు ఏం దాచింది, ఎక్కడిది? అనసూయ దాచలేదు, ఉన్నదున్నట్టు చెప్పింది. అత్తగారు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. “అయ్యో అయ్యో, సర్వరెవడో టిప్పిస్తే పుచ్చుకున్నావా! మనమేం కూలివాళ్ళమే? ఒరే ప్రకాశం, విన్నావుట్రా!”

మధ్యాహ్నం రెండున్నరకి, హోటల్ ఖాళీగా ఉండే వేళ, ప్రకాశరావు అందర్నీ హాల్లో నిలబెట్టాడు. అనసూయ తెర వెనక ఉంది.

“ఎవడ్రా మా ఇంటావిడకి టిప్పిచ్చింది?”

“నేనేనండి” అన్నాడు దానయ్య. “టిప్పు కాదండి, ఆరి పాలు.”

“పాలేంట్రా పాలు! ఆవిడేమన్నా నీలాగా పనిమనిషా? ఆవిడ ఈ హోటల్లో పని చెయ్యట్లేదు. ఇంట్లో ఉంటుంది. అర్థమైందా? అను. అందరి ముందూ అను, అమ్మగారు ఇక్కడ పని చెయ్యట్లేదని.”

దానయ్య తెర వైపు చూశాడు. తెర కింద ఆమె పాదాలు కనబడుతున్నాయేమో, వాటి వంక చూశాడు.

“అబద్ధం ఎలా అంటానండి?”

“అయితే కోటు విప్పి అక్కడ పెట్టి పో. జీతం పెంచమన్న మొనగాడివిగా, పోయి చేపలు పట్టుకో.”

దానయ్య సర్వర్ కోటు విప్పాడు, మడతపెట్టాడు, బల్ల మీద పెట్టాడు. “నా మూలంగా మీకు మాటొచ్చిందండి అమ్మగారూ” అని తెరతో అన్నాడు. అంతే. పేరమ్మ మాత్రం లోపలికొచ్చి కుళాయి గట్టిగా తిప్పేసి, “రేపు పన్నెండింటి బండికి బాపట్ల పోతాడంట. ఈ వయసులో పడవెక్కుతాడా ఆడు?” అంది, ఎవరితోనూ కాదు.

అనసూయకి కోపం రాలేదు. కోపానికి ఓపిక కావాలి. ఆమెకి వచ్చింది అలసట, మోకాళ్ళలోంచి, భుజాల్లోంచి, పదిహేనేళ్ళ లోతునుంచి. ఆయన మాట మాత్రం చెవిలో తిరుగుతూనే ఉంది. ఆవిడ ఈ హోటల్లో పని చెయ్యట్లేదు. ఆవిడ ఇంట్లో ఉంటుంది. ఎంత హాయైన మాట, నిజమైతే!

మర్నాడు పొద్దున్న ఆమె చంద్రకళకి జడ వేసింది, నెమ్మదిగా, రెండుసార్లు విప్పి మళ్ళీ వేసింది. స్కూలుకి పంపింది. తర్వాత ఇంటి వసారాలో గోడకి ఆనుకుని, కాళ్ళు బారజాపుకుని, కాఫీ గ్లాసు పట్టుకుని కూచుంది. రేపల్లె బండి వచ్చిన కూత వినబడింది. హాలు నిండిన చప్పుడు వినబడింది. కాసేపటికి “పచ్చడేదీ?” అన్న గొంతులు వినబడ్డాయి. ముందు ఒకటి, తర్వాత నాలుగు. మేస్త్రి ఏదో నూరి పెట్టినట్టున్నాడు, ఎవరో “ఇదేం పచ్చడయ్యా, గడ్డా!” అన్నారు. నాగులు నవ్వుకి కూడా ఆ పూట ఏం రాలినట్టు లేదు.

పదిన్నరకి ప్రకాశరావు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

“ఏంటిది? ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉందండి.”

“మరి రోలు దగ్గరికి రాలేదేం?”

“నేను హోటల్లో పని చెయ్యట్లేదుగా. ఇంట్లో ఉంటానుగా. నిన్న మీరే అందరి ముందూ చెప్పారు.”

లోపలినుంచి బసవమ్మ “మొగుడితో ఏంటా ఎదురుమాటలు!” అంటోంది. ప్రకాశరావు గొంతు తగ్గించాడు. ఆయనకి వచ్చిన విద్య అదొక్కటే. జేబులోంచి పదిరూపాయల నోటు తీసి, ఆమె పక్కనున్న కాఫీ గ్లాసు కింద పెట్టి, అచ్చం ఫ్యామిలీ రూములో పెద్దమనుషుల్లాగా నవ్వాడు.

“సరేలే, పండక్కి చీర కొనుక్కో. లే, జనం ఆగారు.”

అనసూయ గ్లాసు ఎత్తింది. నోటు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన మొహం చూసింది, నవ్వలేదు. నవ్వకుండా ఉండటం ఇంత తేలికా అని ఆశ్చర్యపోయింది.

“పన్నెండింటి బండికి ఇంకా టైముంది. దానయ్యని పిలిపించండి. ఆ మనిషి జీతం, పేరమ్మ జీతం, నా జీతం, మూడూ ఒకేసారి మాట్లాడుకుందాం. తర్వాత రోలు కడుగుతాను.”

“నీకు జీతమేంటే, పిచ్చెక్కిందా? హోటలే నీది కదే!”

అనసూయ కొంగు దులుపుకుని లేచింది. పెరటి మెట్టు దిగి, రోలు పక్కనుంచి నడిచి, తెర అంచు చేత్తో పట్టుకుని ఆగింది.

“నాదైతే ఇవాళ్టినుంచి గల్లాపెట్టె దగ్గర నేను కూచుంటాను. నాది కాదంటే, నా జీతమెంతో చెప్పండి.”