ఇరవై ఎనిమిది అంగుళాలు

చేతులెత్తి నిలబడ్డ పిల్ల ఊపిరి బిగబట్టి కళ్లు మూసుకుంది. టైలరమ్మ కొలత టేపు ఆమె నడుం చుట్టూ తిప్పి చూసింది. ఇరవై తొమ్మిదిన్నర.

"ఊపిరి వదలవే, పడిపోతావు," అంటూ టేపు కాస్త గట్టిగా లాగి, పుస్తకంలో ఇరవై ఎనిమిది అని రాసింది.

"నిన్నట్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదక్కా," అంది పిల్ల, గోడ పట్టుకుని బయటికి నడుస్తూ.

నాలుగంతస్తుల బట్టల షోరూంలో మెట్ల కింద గది టైలరమ్మది. ప్యాంట్లు పొట్టి చేయడం, ఊడిన గుండీలు కుట్టడం పన్నెండేళ్లుగా ఆమె పని. కొత్త మేనేజరు వచ్చాక ఈ కొలతల పని కూడా నెత్తిన పడింది. బట్టలమ్మే ఆడపిల్లల నడుం ఇరవై ఎనిమిది దాటకూడదు. షోరూం గుమ్మం దగ్గర నిలబడే మగవాళ్ల ఛాతీ నలభై రెండుకి తగ్గకూడదు. తేడా వస్తే గోడౌనులో మూటలు మోయాలి, జీతంలో మూడోవంతు కోత. రెండోసారీ తేడా వస్తే ఇక ఇంటికే.

అందుకే ఆమె ఆడపిల్లలకి టేపు బిగించేది, మగపిల్లలకి వదులు చేసేది. ఏడు నెలలుగా ఒక్కరూ గోడౌనుకి పోలేదు. ఆ మాట తలుచుకుంటే ఆమెకి కడుపు నిండినట్టుండేది.

తరువాత వచ్చినవాడు ఆమె తమ్ముడు. అమ్మ పోయాక ఆమె చేతి ముద్దలు తిని పెరిగాడు. గుమ్మం దగ్గర ఈ ఉద్యోగం ఆమే చెప్పి పెట్టించింది. వాడు చొక్కా విప్పాడు. భుజాలు ఉబ్బిపోయి ఉన్నాయి. జబ్బ మీద సూది గుచ్చిన చోట నల్లగా కమిలింది. కళ్లు పచ్చబడ్డాయి.

"ఏంట్రా ఇది?"

"జిమ్ములో అన్న ఇస్తున్నాడక్కా. బలానికి."

"నేను నలభై రెండని రాస్తూనే ఉన్నానుగా!"

"వచ్చేపోయేవాళ్లు నీ పుస్తకం చూస్తారా? పక్కనోడు దున్నపోతులా ఉంటాడు. వాడి పక్కన చీపురుపుల్లలా నిలబడమంటావా?" నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఒంటేలు మాత్రం టీ రంగులో వస్తోంది. అదే తగ్గిపోద్దన్నాడులే ఆ అన్న."

ఆమె చేతిలోంచి టేపు జారిపడింది. వాడి నుదురు ముట్టుకుంది. కాలిపోతోంది.

అంతలో మేనేజరు లోపలికొచ్చి, పుస్తకం అందుకుని పేజీలు తిరగేశాడు. మొహం వెలిగిపోయింది.

"భేష్ టైలరమ్మా! ఏడు నెలల్లో ఒక్కరూ తప్పలేదు. ఓనరుగారికి చూపించాను. అందరూ ఇంత తేలిగ్గా నెగ్గేస్తున్నారంటే మనమే కొలతలు సులువుగా పెట్టామన్నారు. ఇవాళ్టి నుంచి ఆడవాళ్లకి ఇరవై ఏడు, మగవాళ్లకి నలభై నాలుగు. మళ్లీ మొదట్నుంచి కొలువు."

గది గుమ్మం బయట వరసలో నిలబడ్డ పిల్లల గుసగుసలు ఆగిపోయాయి. ఎవరో మెట్టు మీద కూలబడిన చప్పుడైంది.

టైలరమ్మ ఆ పుస్తకం కేసి చూసింది. వీళ్ల మెడలోంచి తీసేశాననుకున్న ఉరితాడుని ఏడు నెలలుగా పేనుతున్నది తనే.

"అవి అబద్ధాలండీ," అంది.

"ఏవి?"

"నేను రాసిన అంకెలన్నీ. మీ లెక్కకి ఒక్కరూ సరిపోరు. అందర్నీ గోడౌనులో పెట్టుకుంటారా? షాపులో ఎవరు నిలబడతారు? వీడికి జ్వరం, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నేనిక కొలవను."

మేనేజరు గట్టిగా అరవలేదు. పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"నువ్వు కొలవకపోతే కొలిచేవాళ్లే లేరనుకున్నావా?"

వంగి నేల మీది టేపు తీసుకున్నాడు. దులిపి, రెండు చేతుల మధ్య సాగదీసి, చొక్కా లేకుండా నిలబడ్డ తమ్ముడి ముందుకొచ్చాడు.

"చేతులెత్తరా."

తమ్ముడు అక్క మొహంలోకి చూశాడు. గుమ్మంలో పిల్లలందరూ ఒకరి వెనక ఒకరు తొంగి చూస్తున్నారు.

"నీకే చెప్పేది. ఎత్తు."

వాడి చేతులు ఇంకా కిందే ఉన్నాయి.