రెండో గ్లాసు

నా భర్త చనిపోయాడేమోనన్న భయం కన్నా పెద్ద భయం ఒకటుంది నాకు. ఆయన బతికుండగానే మేం ఆయన్ని చనిపోయినవాళ్లలో కలిపేశామేమోనని.

అడవిలోని అన్నలకు ఒకపూట అన్నం పెట్టాడని పోలీసులు వెతుకుతుంటే, మా ఆయన పరశురాములు సిరిసిల్ల విడిచి కోరుట్లలో మేనత్త ఇంటికి పోయాడు. చేరాడో లేదో కబురు లేదు.

ఇంతలో పెద్దలకు పెట్టుకునే అమావాస్య, పెత్తరమాస వచ్చింది. చనిపోయిన మా మామ పెంటయ్యకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టాలి. భీవండిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన రోజుల్లో ఆయన ఒక బ్రాందీ కలుపుడు నేర్చుకొచ్చాడు. అదంటే ప్రాణం. అన్నలు మందు దుకాణాలు మూయించారు కదా, నూలు కండెల బుట్టలో దాచిన సీసా తీసింది మా అత్త శంకరవ్వ.

కలపడం ఎప్పుడూ నా పనే. బత్తాయిలు పిండి, పలుచటి బట్టలో వడగట్టాను. పంచదార పాకం, కొంచెం నిమ్మరసం, ఆపైన బ్రాందీ. నిమ్మచెక్కతో గ్లాసు అంచు రుద్ది, పంచదారలో బోర్లించి తీస్తే చుట్టూ తెల్లగా అంటుకుంటుంది. అన్నీ విస్తరి ముందు పెట్టాక చూసుకున్నాను. రెండు గ్లాసులు. తండ్రీకొడుకులు కలిసే తాగేవాళ్లు మరి.

"రెండెందుకు కలిపినవే?"

"అలవాటుల కలిపిన అత్తా. ఒకటి తీసేస్త."

"పెద్దల ముంగట వెట్టినంక తీస్తరా? ఉండనియ్. మీ మామ రెండూ తాగుతడు. బతికున్నప్పుడు ఆగిండా ఎన్నడన్న?"

ఇద్దరం నవ్వాం.

పెద్దలు తినేటప్పుడు మనుషుల కళ్లు పడకూడదని, తలుపు మూసి వాకిట్లో కూర్చున్నాం. మిట్టమధ్యాహ్నం. కరెంటు పోయి వాడలో సాంచాలన్నీ ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం ఎన్నడూ వినలేదు నేను. ఒళ్లో ఉన్న నా బిడ్డ లీల, ఇంకా మాటలు రాని పిల్ల, మూసిన తలుపు వైపు నవ్వుతూ రెండు చేతులూ చాపింది. నాన్న ఎత్తుకోవాలన్నప్పుడే అట్లా చాపుతుంది.

తలుపు తీశాం. మామ గ్లాసు పెట్టింది పెట్టినట్టే ఉంది. రెండోదాని అంచున, పెదవులు ఆనేంత మేర, పంచదార లేదు.

"చీమలు నాకినయేమో అత్తా."

"ఏవీ చీమలు? సూపియ్."

ఒక్కటీ లేదు. అత్త విస్తరి ముందే కూలబడింది.

"నా కొడుకు అచ్చి పోయిండే. బతికున్నోడైతే తలుపు కొట్టి అచ్చునే."

కులపెద్దలకు కబురు పంపింది. దసరా దాటగానే నా గాజులు తీయిస్తారట.

మేం కోరుట్ల పోతే పోలీసులు వెంబడి వస్తారు. మిమ్మల్ని వాళ్లెరుగరు. అటువైపు పని పడితే, బీడీలు చేసే ఆ మేనత్త, కనకవ్వ ఇల్లు అడగండి. మా ఆయన పొడుగు మనిషి, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. ఎవరికీ ఏమీ చెప్పొద్దు. లోపల ఉన్నాడా లేడా, ఒక్కసారి చూసి రండి.