పావువంతు కోత

నేను ఒక ఇంటర్‌కామ్ ఫోన్‌ని. ప్రస్తుతం జిల్లా మందుల గిడ్డంగి వెనకగదిలో, విరిగిన కుర్చీల మధ్య పడి ఉన్నాను. నన్ను తయారుచేసిన చోట ఒకావిడ చెవి దగ్గర పెట్టుకుని మూడుసార్లు ‘హలో’ అని, పాసైందని చీటీ అంటించింది. నా చదువు అంతే.

గిడ్డంగిలో ఏ మందు ఎంత కావాలో లెక్కగట్టే గది ఒకటి, దాన్ని కొని తెప్పించే గది ఒకటి. మధ్యలో ఒక్క గోడ. “అనుమానం వస్తే ఒకరినొకరు అడిగి చావండి” అని విసుక్కుని, పెద్దాఫీసరు గారు రెండు బల్లల మీదా ఫోన్లు పెట్టించారు. కొనే గది బల్ల నా వంతుకొచ్చింది. వాళ్లు అడిగింది మాత్రం టీ వచ్చిందా అని.

లెక్కగట్టే పరంధామయ్య గారు మూడొందల సీసాలు కావలసినచోట నాలుగొందలు రాసేవారు, అవతల ఎలాగూ కోస్తారని. కొనే హైమవతి గారు పావువంతు కొట్టేసేవారు, ఇవతల ఎలాగూ పెంచి రాస్తారని. చివరికి వచ్చేవి మూడొందలే. ఎవరి తెలివికి వారే మురిసిపోయేవారు. నాకూ నవ్వొచ్చేది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పరంధామయ్య గారు రిటైరయ్యాక నస్రీన్ వచ్చింది. ఆస్పత్రులన్నీ తిరిగి, పాముకాటు మందు మూడొందల సీసాలని ఉన్నదున్నట్టు రాసింది. హైమవతి గారు అలవాటు చొప్పున కోసి, రెండొందల పాతిక తెప్పించారు. నన్నెత్తి ఒక్కమాట అడిగితే అర నిమిషం పని. సరుకు తక్కువొచ్చిందని నస్రీన్ చూసింది. ఆమె కూడా తన బల్ల మీది ఫోన్ ఎత్తలేదు.

వానలు దిగాయి. శ్రావణం సగం కాకముందే సీసాలు అయిపోయాయి. ఒక మధ్యాహ్నం నేను మోగాను.

“మేడమ్, చింతలమెట్ట ఆస్పత్రి నుంచి కబురు. నాట్లేస్తున్న మనిషిని పాము కరిచిందంట. మందు లేక పట్నం పంపారు. దారిలోనే పోయిందంట.”

“అయ్యో! నువ్వు పెంచి రాసుంటావనుకున్నానమ్మా.”

“నేను పెంచలేదు మేడమ్. మిగతావి వెనకాల వస్తాయనుకున్నాను. అడగలేదు.”

ఆ రెండు గదులూ పని గురించి మాట్లాడుకోవడం నేను విన్నది అదే మొదటిసారి.

“ఆ మనిషి పేరేంటమ్మా?”

“సన్యాసమ్మ. ఈ ఏడు నాట్లకి అదే మొదటిరోజంట.”

హైమవతి గారు నన్ను పెట్టేయడం మరిచిపోయారు.