మీ ఇంట ఎవరి కాగితమైనా ఉందా

ఆ ఆదివారం పొద్దున ఆకాశం సగం నలుపు, సగం తెలుపు. తూర్పున సముద్రం మీద వాన దిగుతోంది. దిగడం కంటికి కనిపిస్తోంది కానీ ఒక్క చినుకూ దీవి ఒడ్డున ఉన్న మిన్నీ బే దాకా రావడం లేదు. చాతం రేవు వైపు అప్పుడే ఎండ చురుక్కుమంటోంది. ధనరాజు వాకిట్లో నిలబడి కాసేపు అటు చూశాడు, కాసేపు ఇటు చూశాడు. గొడుగు సంగతి తేలక వట్టి చేతులతోనే బయల్దేరాడు.

వట్టి చేతులంటే అతని చేతులు. చేపల బుట్ట, బియ్యం మూట పైడిబాబు మోస్తున్నాడు. ఏటా గవరయ్య తోటలో అందరూ కూడే రోజున ఆ బరువు ధనరాజు కొడుకు వీరేంద్ర మోసేవాడు. ఈ ఏడు వాడు ఓడ పని మీద కార్ నికోబార్ వెళ్ళాడు. ధనరాజుకి కుడి భుజం పట్టేసి నెలవుతోంది. యార్డులో ఉన్న మనిషిని తీసుకెళ్ళమని భార్య పద్మిని చెప్పింది. అందులో తప్పేమీ కనిపించలేదు అతనికి.

ధనరాజుది సిమెంటు ఇటుకల యార్డు. ఇంటి వెనకే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ముగ్గురు అక్కడ అచ్చులు పోస్తారు, అక్కడే రేకుల షెడ్డులో వండుకుని పడుకుంటారు. ముగ్గురిలో పెద్దవాడు పైడిబాబు. నలభై అయిదు దాటిన మనిషి, ఏడేళ్ళుగా ఉన్నాడు. మాట తక్కువ.

చాతం రేవులో ఫెర్రీ ఎక్కాక పైడిబాబు బుట్టని కాళ్ళ మధ్య పెట్టుకుని, నీళ్ళ వైపు చూస్తూనే అడిగాడు. గురువారం విశాఖ ఓడ ఉందట, టిక్కెట్ల కౌంటరు రేపే ఆఖరట. తల్లి అన్నం మానేసి పది రోజులయిందని చెల్లెలు ఫోను చేసిందట. ఈ మాటలన్నీ వారం కిందట చెప్పినవే. మళ్ళీ వరసగా, మెల్లగా చెప్పాడు.

“కార్డు దొరికిందేటి బాబూ?” అన్నాడు చివర.

“వెతుకుతున్నాను. జిరాక్సు చూపించకపోయావా?”

“సూపించానండి. అసలుది కావాలన్నాడు.”

“దేఖ్తే హై, చూద్దాం,” అన్నాడు ధనరాజు. రేవు దగ్గర పడుతోందన్నట్టు లేచి నిలబడ్డాడు. రేవు ఇంకా దూరంగానే ఉంది.

కార్డు ఎక్కడుందో అతనికి తెలుసు. ఇనప బీరువాలో, పద్మిని పట్టుచీరల కింద, పాలిథిన్ కవరులో ఉంది. అందులో మూడు ఆధార్ కార్డులున్నాయి. మూడేళ్ళ కిందట పోలీసు వెరిఫికేషన్‌కని తీసుకున్నాడు. పని అయిపోయింది, కార్డులు మాత్రం వెనక్కి వెళ్ళలేదు. అంతకు ఏడాది ముందు, కార్డు చేతిలోనే ఉన్న ఒకడు మంచి సీజనులో చెప్పకుండా ఓడెక్కి పోయాడు. అప్పటి నుంచి అది అలవాటయింది. పనివాళ్ళని పెట్టుకున్న తెలిసినవాళ్ళు నలుగురూ అదే చేస్తున్నారు. కూలి ఏ శనివారమూ ఆపలేదు, చెయ్యి చేసుకోలేదు, పండక్కి బట్టలు పెట్టాడు. పైడిబాబు కార్డు అడిగిన రోజున మాత్రం, ఎక్కడ పెట్టానో గుర్తు లేదు అనేశాడు. బడి భవనానికి ఇటుకల ఆర్డరు ఉంది. రెండు వారాలు గడిస్తే ఇచ్చేద్దామనే అనుకున్నాడు. పది రోజులుగా అన్నం తినని ముసలమ్మ రెండు వారాలు ఆగుతుందా అన్నది ఆలోచించలేదు. ఆలోచన అటు వెళ్ళబోయినప్పుడల్లా వేరే పని చూసుకున్నాడు.

బాంబూఫ్లాట్‌లో దిగి, ఆటోలో కొండ మొదలు దాకా వెళ్ళి, అక్కడి నుంచి నడిచారు.

గవరయ్య తోట ఏటవాలు నేల మీద ఉంటుంది. పోక చెట్లు, కొబ్బరి, మధ్యలో చెక్క ఇల్లు. గవరయ్య పోయి యాభై ఏళ్ళు దాటినా ఇంటిని అలాగే ఉంచారు. ఆయన రంపం గోడకి ఉంది. మట్టిపొయ్యిని ఏటా అలుకుతారు. ఇంటి వెనక, పోకల నీడలో ఆయన్ని పెట్టిన చోటు ఉంది. కాల్చొద్దు, తవ్విన మట్టిలోనే పెట్టండి అని ఆయనే చెప్పి పోయాడు. గట్టు కట్టి సున్నం వేశారు. పైన పేరు కూడా రాయలేదు.

ఆ పేరు అక్కడ చేరేవాళ్ళకి రాసి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు అడవి కూపుల్లో దుంగలు కొయ్యడానికి మేస్త్రీలు మనుషుల్ని ఓడల్లో తెచ్చేవాళ్ళు. దిగగానే తిరుగు ప్రయాణపు పాసు లాక్కుని రేకు పెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్ళు. పాసు లేనివాడు ఓడెక్కలేడు. ఆరు నెలలకని వచ్చినవాడు పదేళ్ళు కొట్టేవాడు, చచ్చినవాడు అక్కడే చచ్చేవాడు. గవరయ్య కూడా అలా వచ్చినవాడే. ఒకనాడు రంపం కింద పెట్టి, ముప్ఫై మందిని వెంట పెట్టుకుని కూపు ఆఫీసు ముందు కూర్చున్నాడు. దెబ్బలు తిన్నారు, ఆకలి పడ్డారు, కదల్లేదు. నలభయ్యో రోజున పెట్టె తాళం తీశారు. తరవాత ఆయన ఈ కొండ మీద అడవి కొట్టి తోట వేశాడు. ఏ కూపు నుంచి పారిపోయి వచ్చినవాడికైనా ఇక్కడ చోటు ఉండేది. ఒకరి పాసుల కోసం వెళ్ళి, ఇంకొకరి పాసుల కోసం వెళ్ళి, ఆయన జీవితమంతా ఆ పని మీదే గడిచిపోయింది.

ఆ ముప్ఫై మందిలో ధనరాజు తాత సూరన్న ఒకడు. ఆయన తన పాసు ముసలితనం దాకా మొలలో కట్టుకుని తిరిగాడు. చిన్నప్పుడు ధనరాజు చూపించమంటే చూపించేవాడు కానీ, చేతికి ఇచ్చేవాడు కాదు. మనవడికి కూడా ఇవ్వలేదు.

గవరయ్య కోడలు మహాలక్ష్మమ్మ గట్టు దగ్గర పీట వేసుకుని కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. ఇప్పుడు పదకొండు ఇళ్ళ వాళ్ళే వస్తున్నారు. ఏ ఇంటి వాటా వాళ్ళు తెస్తారు. ధనరాజు ఇంటిది చేప, బియ్యం. పైడిబాబు బుట్ట, మూట దించి పోక చెట్టు పక్కన నిలబడ్డాడు.

అక్కడ పూజ ఏమీ ఉండదు. మహాలక్ష్మమ్మ ఒక్కొక్క పాతవాడి పేరు పిలుస్తుంది. ఆ ఇంటివాడు లేచి, ఉన్నాం అంటాడు. అప్పుడు ఆమె ఒక్క మాట అడుగుతుంది. గవరయ్య బతికుండగా ఏటా అందరినీ కూర్చోబెట్టి అడిగిన మాట అది. మన దగ్గరే మొదలవుతుంది, మన దగ్గరే చూసుకోవాలి అనేవాడట. అడగడం పెద్దవాళ్ళకి అలవాటు, జవాబు పిల్లలకి కూడా కంఠతా వచ్చు.

“సూరన్న,” అందామె.

“ఉన్నాం.”

“మీ ఇంట ఎవరి కాగితమైనా ఉందా?”

“లేదు.”

ఏటా వచ్చినట్టే వచ్చింది ఆ మాట. తండ్రి అన్నప్పుడు విన్నాడు, తండ్రి తరవాత పద్దెనిమిదేళ్ళుగా తనే అంటున్నాడు. నోరు దానంతటదే అనేసింది. తలెత్తితే ఎదురుగా పైడిబాబు. అతని ముఖంలో కోపం లేదు. కొత్త చోట కొత్త ఆచారం చూస్తున్నవాడిలా చూస్తున్నాడు. మహాలక్ష్మమ్మ తరవాతి పేరు పిలిచేలోపు, అడిగినదేమిటో, చెప్పినదేమిటో అతనికి అర్థమైనట్టుంది. కళ్ళు కిందికి దించుకున్నాడు. తప్పు చేసినవాడు దించుకోవాల్సిన కళ్ళు అతను దించుకున్నాడు.

పేర్లు అయ్యాక ఆడవాళ్ళు పొయ్యిలు రాజేశారు. మొదటిసారి వచ్చినవాళ్ళకి ఇల్లు చూపించడం మహాలక్ష్మమ్మ పద్ధతి. కర్ర పట్టుకుని లేచి పైడిబాబుని రమ్మంది. ధనరాజు కూడా వెనకే వెళ్ళాడు. అక్కడ ఏం మాట్లాడుకుంటారోనన్న భయంతో వెళ్ళాడు, అంతే.

ఆమె రంపం చూపించింది. పొయ్యి చూపించింది. గోడవారన ఉన్న రేకు పెట్టె చూపించింది. మూత తీసే ఉంటుంది, ఎప్పుడూ మూయరు. ఆ పెట్టె కథ చెప్పింది. పైడిబాబు వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, పెట్టె అడుగు దాకా చూశాడు. లోపల ఏమీ లేదు.

ఇంతలో నూకన్న గుమ్మంలోకి వచ్చాడు. ధనరాజు ఈడువాడు, బోటు ఇంజన్ల మెకానిక్కు, నోరు ఊరుకోదు.

“క్యా తమ్ముడూ, నీ కార్డు నీ దగ్గరే ఉందా? మా ధనరాజు భయ్యా బీరువాలో దాచీసినాడా?” అన్నాడు.

అందరూ నవ్వారు. ధనరాజు కూడా నవ్వాడు. అందరికన్నా కాస్త గట్టిగానే నవ్వాడు.

పైడిబాబు నవ్వలేదు. “అయ్యో, బాబు కాదండి. నానే ఎక్కడో పారీసుకున్నాను. నాదే తప్పు,” అన్నాడు.

నవ్వు అక్కడితో ఆగింది. కార్డుతో పనేమిటని మహాలక్ష్మమ్మ అడిగితే ఓడ సంగతీ, తల్లి సంగతీ, రేపటి కౌంటరు సంగతీ చెప్పాడు. ఆమె చ్చుచ్చు అంది. నూకన్న తనకి తెలిసిన ఆఫీసు మనిషికి ఫోను చేస్తానన్నాడు. అందరూ కలిసి, లేని తప్పుని ఎలా దిద్దాలా అని ఆలోచిస్తున్నారు.

ధనరాజు బయటికి వచ్చేశాడు. నూతి దగ్గర బకెట్టుతో నీళ్ళు తోడి ముఖం కడుక్కున్నాడు. తడి ఆరకముందే మళ్ళీ కడుక్కున్నాడు. పైడిబాబు నిజం చెప్పి ఉంటే పోట్లాడేవాడు. నా పని, నా నష్టం, ఏం తెలుసు మీకు అనేవాడు. దానికి మాటలు సిద్ధంగానే ఉన్నాయి. అతను ఆ నింద తన మీద వేసుకోవడానికి మాత్రం ధనరాజు దగ్గర ఏ మాటా లేదు. ఉద్యోగం పోతుందని అలా అన్నాడా, పదిమందిలో యజమాని పరువు కాపాడాలని అన్నాడా? ఏదైనా ఒకటే. కూపులో మేస్త్రీ ముందు తన తాత కూడా ఇలాగే ఏదో ఒక రోజున, నాదే తప్పు బాబూ అనే ఉంటాడు.

తిరిగి వెళ్ళేసరికి మహాలక్ష్మమ్మ మళ్ళీ గట్టు దగ్గర పీట మీద కూర్చుని చింతపండు పిసుకుతోంది. పక్కనే నూకన్న, ఇంకో ఇద్దరు ఉన్నారు. చాటుగా చెప్పే వీలు లేదు. వీలు చూసుకుంటే మరి చెప్పడని అతనికే తెలుసు.

“పెద్దమ్మా, ఇందాక నేను అబద్ధం చెప్పాను. మా ఇంట ఉన్నాయి. మూడు కార్డులు. పైడిబాబుది అందులోదే.”

ఆమె చెయ్యి చింతపండులో ఆగింది. పొయ్యి దగ్గర కట్టె విరుస్తున్న పైడిబాబు ఇటు తిరగలేదు, కానీ విరవడం ఆపాడు.

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది.

“ఎల్లి తెచ్చీ,” అంది. “అన్నం ఆపుతాం.”

ఆ తోటలో అన్ని ఇళ్ళూ కూర్చుంటే గాని విస్తరి వెయ్యరు. ఆ సంగతి గుర్తొచ్చి, మీరు తినేయండి అనబోయాడు. ఆమె అప్పటికే చింతపండు పిసకడంలో పడింది.

నడక, ఆటో, ఫెర్రీ. రేవులో ఫెర్రీ అప్పుడే పోయింది, ఇంకోదాని కోసం ముప్పావు గంట నిలబడ్డాడు. ఇంటికి వచ్చేసరికి పద్మిని కంగారుపడింది. చెప్పాడు. ఆమె చీరలు ఎత్తి కవరు తీసింది. “ఇచ్చెయ్యమని నేను మొదట్లోనే అన్నాను,” అంది తరవాత, మెల్లగా. ఆమె అనలేదు. అనలేదని ఇద్దరికీ తెలుసు. ఆమె కూడా ముఖం తిప్పుకుంది.

మిగతా ఇద్దరూ షెడ్డులో అన్నం తింటున్నారు. ధనరాజు గుమ్మంలో వంగి, ఎవరి కార్డు వాళ్ళకి అందించాడు. చిన్నవాడు ఎడం చేత్తో అందుకుని, ఎంగిలి చెయ్యి కంచంలోనే ఉంచి, భయంగా చూశాడు.

“మమ్మల్ని తీసీస్తన్నారేటి బాబూ? ఏటి తప్పు సేసినాం?”

“ఏం లేదు. మీవి మీ దగ్గర ఉండాలి.”

“తప్పుంటే సెప్పండి బాబూ. సీజన్ అయ్యేదాకా ఎక్కడికీ ఎల్లం,” అన్నాడు రెండోవాడు.

ధనరాజు తల ఊపాడు. ఎందుకు ఊపాడో అతనికే తెలియదు. వాళ్ళ కార్డు వాళ్ళ చేతికి రావడం కూడా వాళ్ళకి శిక్షలా ఉండేలా తనే చేశాడు. బయటికి వచ్చేశాడు. ఫెర్రీలో చోటు ఉన్నా కూర్చోలేదు.

తోటకి చేరేసరికి మూడున్నర దాటింది. పొయ్యిలు చల్లారాయి. చిన్నపిల్లలకి అరటిపళ్ళు పెట్టి ఊరుకోబెట్టినట్టున్నారు, తొక్కలు ఓ మూల కుప్పగా ఉన్నాయి. పెద్దవాళ్ళు చాపల మీద ఆకుల ముందు కూర్చుని ఉన్నారు.

పైడిబాబు వరస చివర ఉన్నాడు. ధనరాజు వచ్చి ఎదుట నిలబడితే లేవబోయాడు. ధనరాజే కింద కూర్చున్నాడు. కార్డు అందించాడు. పైడిబాబు చెయ్యి లుంగీకి తుడుచుకుని అందుకున్నాడు. తనదేనా అన్నట్టు ఫోటో చూశాడు. చొక్కా జేబులో పెట్టి గుండీ పెట్టుకున్నాడు.

“తప్పు నాది,” అన్నాడు ధనరాజు.

పైడిబాబు జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“రేపు కౌంటరు ఎన్నింటికి తెరుత్తారండి?”

“తొమ్మిదికి. నేను వస్తాను తోడు.”

“వొద్దండి. నాను ఎల్తాను.”

ధనరాజు లేచి వడ్డించబోయాడు. మహాలక్ష్మమ్మ కర్రతో చాప మీద చోటు చూపించింది. ఏటా కూర్చునే చోటే, నూకన్న పక్కన. కూర్చున్నాడు. నూకన్న కాలు కాస్త ముడుచుకుని చోటిచ్చాడు.

అన్నం చల్లగా ఉంది. చేపల పులుసు పైన నూనె తేలి ఆగిపోయింది. మహాలక్ష్మమ్మ మొదటి ముద్ద పెట్టుకున్నాక అందరూ కలిపారు. ముల్లు తీసి ఆకు వారన పెట్టుకుంటూ, తలలు దించుకుని, అందరూ తిన్నారు.