చిన్న పొయ్యి

మసి వదిలించడమంటే నీళ్ళు చల్లి గుడ్డ పట్టడమే అనుకునేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. పదిహేనేళ్ళుగా కాలిన ఇళ్ళు శుభ్రం చేసి బతుకుతోంది. తోటి పనివాళ్ళు ఆమెకు మసిగుడ్డ అని పేరు పెట్టారు, ఆమె కూడా దానికే పలకడం అలవాటు చేసుకుంది. ముందు పొడి రబ్బరు స్పాంజితో పైనుంచి కిందికి ఒక్కసారే లాగాలి. మసి మీద తడి చెయ్యి పడిందా, అది అంటుకుపోయి అక్కడే కాపురం పెడుతుంది.

ఆ రోజు వెళ్ళిన ఇంట్లో కాలింది వంటగది ఒక్కటే. ఉండేది ఇద్దరే, అక్కా తమ్ముడూ. అక్కకు అరవై దాటాయి. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంటి వంట ఆవిడదే. తమ్ముడు పంతులుద్యోగం చేసి ఈమధ్యే రిటైరయ్యాడు, అందుకని ఏ మాటైనా పాఠం చెప్పినట్టే చెబుతాడు.

"మొన్న అక్క స్టవ్ ఆపకుండా బజారుకెళ్ళింది. నేను నడకకి వెళ్ళాను. వచ్చేసరికి ఇదీ పరిస్థితి" అన్నాడు గుమ్మంలో నిలబడి. "వయసు మీద పడింది కదా. రేపట్నుంచి వంటకి మనిషిని పెడుతున్నా. గ్యాస్ రెగ్యులేటర్ పీకి నా బీరువాలో పెట్టా."

పక్కనే నిలబడ్డ అక్క ఆ మాటలు వేరెవరి గురించో అన్నట్టు వింది. ఆయన ముందు గదిలోకి వెళ్ళి పేపరు తీసుకున్నాడు.

మసిగుడ్డ సీలింగు దగ్గర పని మొదలుపెట్టింది. అక్క ఒక స్టూలు తెచ్చుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. "అమ్మాయ్, ఒక పని చేశామని మనకి గట్టిగా గుర్తుండి, చెయ్యలేదని పక్కవాళ్ళంటే ఏమనుకోవాలి?" అంది.

"ఏమో అమ్మా."

"ఆపినట్టే గుర్తు. టక్కుమన్న చప్పుడు కూడా విన్నా. మరి నా చెవులు కూడా అబద్ధం చెబుతాయా? అప్పట్నుంచీ ఏం చేసినా అనుమానమే. పొద్దున్న రెండుసార్లు పళ్ళు తోముకున్నా. మూడోసారికి బ్రష్ తడిగా ఉందని ఆగా."

నవ్వాలో జాలిపడాలో మసిగుడ్డకు తెలియలేదు. ఇలాంటివి మామూలుగా చెవిన వేసుకోదు. ఇళ్ళల్లో జనం ఏదేదో చెబుతారు, మసి మాత్రమే తన పని. కానీ ఈవిడ అడిగిన తీరు మనసులో ముల్లులా గుచ్చుకుంది.

గోడలు అయ్యాక స్టవ్ దగ్గరికి వచ్చింది. రెండు బర్నర్లది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"చిన్న పొయ్యి వాడిది. నేను పెట్టే కాఫీ తాగలేడట" అంది అక్క. "పొద్దున్నే తనే కలుపుకుంటాడు. నేను దాని జోలికే పోను."

మసిగుడ్డ అలవాటు కొద్దీ రెండు నాబ్‌లూ పీకి సబ్బునీళ్ళ బకెట్లో పడేసింది. ఆ తర్వాతే చూపు నాబ్‌ల వెనక ఉన్న స్టవ్ రేకు మీద పడింది. రేకంతా నల్లగా ఉంది. నాబ్‌లు ఉన్నచోట మాత్రం మసి పట్టక వాటి ఆకారాలు తెల్లగా మిగిలాయి. పెద్ద పొయ్యిది నిలువుగా ఉంది. చిన్న పొయ్యిది అడ్డంగా ఉంది.

ఆమె తికమకపడింది. అగ్నిమాపకం వాళ్ళు వచ్చీ రాగానే రెండూ కట్టేసి ఉంటారు, ఇందాక పీకినప్పుడు రెండూ నిలువుగానే ఉన్నాయి. కానీ మసి అంతకు ముందే పట్టింది. బకెట్లోంచి ఒక నాబ్ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. నిలువుగా ఉంటే ఆపినట్టు, అడ్డంగా ఉంటే వెలిగించినట్టు. మళ్ళీ తిప్పింది. ఎన్నిసార్లు తిప్పినా లెక్క మారలేదు.

"ఏంటమ్మాయ్?" అక్క లేచి వచ్చింది.

"మంట లేచినప్పుడు పెద్ద పొయ్యి ఆపే ఉందమ్మా. మీరు ఆపారు. చిన్నదే వెలిగి ఉంది" అంది మెల్లగా.

అక్క వంగి, ఆ రెండు తెల్లటి మచ్చల్నీ ఎంతసేపో చూసింది.

మసిగుడ్డ సంతోషం పట్టలేకపోయింది. గబగబా ముందు గదిలోకి వెళ్ళి, "సార్, ఒకసారి స్టవ్ దగ్గరికి వస్తారా? మీకొకటి చూపించాలి" అంది. తర్వాత చూద్దాంలే అన్నాడాయన. ఆమె కదలకపోయేసరికి పేపరు నాలుగు మడతలు పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, తీరిగ్గా వెనకే వచ్చాడు.

రేకు మీద మచ్చల్లేవు. నల్లటి నీళ్ళు కారుతున్నాయి. అక్క బకెట్ పక్కన నిలబడి ఉంది, కుడిచెయ్యి మణికట్టు దాకా మసి.

ఆవిడే తడి చేత్తో తుడిచేసింది. తనకు అనుకూలంగా ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని చేతులారా తుడిచేసుకుంది. మతి పోయిందేమో నిజంగానే అనిపించింది మసిగుడ్డకు ఒక్క క్షణం.

"చూశావుగా, ఏం చేస్తుందో తనకే..." అని తమ్ముడు మొదలుపెట్టి, అక్క మొహం చూసి ఆగిపోయాడు.

ఆ మొహంలో ఇందాకటి అయోమయం లేదు. "తమ్ముడూ, రెగ్యులేటర్ తెచ్చివ్వు. వంటమనిషి వద్దు."

"మళ్ళీ మర్చిపోతే?"

"మర్చిపోను."

ఆయన లోపలికి వెళ్ళాడు. బీరువా తలుపు కిర్రుమంది. అక్క మసిగుడ్డ వైపు తిరిగి, "నేను ఆపానని నాకు తెలిసింది, చాలు. వాడికి తెలిస్తే కుమిలిపోతాడు. చిన్నప్పట్నుంచీ అంతే" అని గొంతు తగ్గించి చెప్పింది.

తమ్ముడు వచ్చి రెగ్యులేటర్ ఆవిడ నల్లటి అరచేతిలో పెట్టాడు. నేల చూస్తూ, "ఆ చిన్న పొయ్యి ఇక నేను ముట్టుకోనులే అక్కా" అన్నాడు.

మసిగుడ్డ ఆయన వైపు చూసింది. తాను ఆయనతో స్టవ్ అనే అంది. చిన్న పొయ్యి మాట ఎత్తనే లేదు.

అక్క వేళ్ళు రెగ్యులేటర్ చుట్టూ బిగుసుకున్నాయి. "ఎప్పట్నుంచి తెలుసు?"

ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకున్నాడు. తనెవరి పక్కన నిలబడాలో, అసలు ఆ గదిలో ఉండాలో బయటికి పోవాలో మసిగుడ్డకు అర్థం కాలేదు.

"అమ్మాయ్, ఆ స్పాంజి వాడికివ్వు" అంది అక్క చివరికి. "ఆ రేకు వాడు తుడుస్తాడు."

మసిగుడ్డ స్పాంజి ఇచ్చింది. ఆయన వంగి తుడవడం మొదలుపెట్టాడు. ఒకసారి తడిసిన మసి పొడి స్పాంజికి రాదని ఆమెకు తెలుసు. అయినా చెప్పలేదు.