ఆనపపాదు కింద ఇల్లు

సర్వేకి వచ్చిన ప్రసన్నకుమార్ గారు ట్యాబు నా ముందు పెట్టి, "మీ ఇల్లు ఇందులో లేదమ్మా," అన్నారు.

గుమ్మంలోనే నిలబడి ఉన్నాను, చంకలో పాపతో. లేకపోవడం ఏంటి?

"శాటిలైట్ ఫొటోలో ఇళ్లని కంప్యూటరే గుర్తుపట్టి ఎర్రగీత గీస్తుందండి. మీ చోటు చెట్లనుకుంది."

మా వరసంతా ఎర్ర డబ్బాలే. మధ్యలో మాది పచ్చగా ఉంది. ఆనపపాదు! ఎండకి రేకులు కాలిపోతున్నాయని అత్తయ్యే కప్పు మీదకి పాకించింది. కాకినాడలో మా ఇళ్ల వెనకున్న మురుక్కాలవని వెడల్పు చేస్తే మా వరసంతా పోతుంది. గీత పడ్డ ఇళ్లకే వేరేచోట స్థలం. మా ఆయన త్రిమూర్తులు వేటకెళ్లాడు, సముద్రం మీద ఫోను కలవదు.

"మీరే చేత్తో గీసెయ్యండి," అన్నాను.

"కుదరదమ్మా. కాసేపట్లో డ్రోన్ ఎగరేస్తాం. ఈలోగా కప్పు కనబడేలా చేసుకోండి."

పాపని ఉయ్యాల్లో వేసి కొడవలి తీశాను. అత్తయ్య అడ్డం నిలబడింది.

"పిందె మీదున్న పాదుని కోస్తావా? చేతులెలా వస్తాయే నీకు?"

"రావాల్సిన స్థలం పోతుందత్తయ్యా!"

"ఇంత ఇంటిని చూడలేనిది అదేం కంప్యూటరే? కళ్లజోడు పెట్టించమను."

పక్కింటి బేబీ కిసుక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. స్టూలెక్కి తీగలు లాగాను. పాప ఏడిస్తే దిగి ఊపి, మళ్లీ ఎక్కాను. వంటింటి మీద పిందెలెక్కువ. దాని జోలికొస్తే ఊరుకోనంది అత్తయ్య. వాదించే టైము లేక వదిలేశాను.

డ్రోన్ రొదకి పాప ఏడుపు మానేసింది.

ప్రసన్నకుమార్ గారు ట్యాబు తిప్పి చూపించారు. ఎర్రగీత పడింది, గది చుట్టూ మాత్రమే.

"స్థలం కొలత ఈ గీతని బట్టేనాండీ?"

"అవునమ్మా."

అత్తయ్య ట్యాబు మీదకి వంగింది. "నా పొయ్యి ఏదీ బాబూ?"

ఆయన గీత బయట పచ్చటి చోటు మీద వేలు పెట్టారు.

అత్తయ్య వంటింటి వైపు నడిచింది. కుచ్చిళ్లు దోపి స్టూలెక్కి తీగని ఒక్క గుంజు గుంజింది. పిందెలు దబదబా రాలాయి.

"ఎగరెయ్యి ఇంకోసారి!" అంది పైనుంచే.

"ముందు మీరు దిగండి మామ్మగారూ, ఫొటోలో పడతారు."

"ఇంకా ఉంది, ఆగు."

స్టూలు ఊగుతోంది. ఒక చేత్తో పాపని ఎత్తుకుని, రెండో చేత్తో స్టూలు పట్టుకున్నాను.