మెత్తగా ఆడే తుపాకి

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు ఎండాకాలంలో, కోయిలకుంట్ల పక్క పల్లెలో పుల్లయ్య కొడుకులిద్దరూ భాగాలు పంచుకున్నారు. మధ్యాహ్నానికల్లా చేలు, ఎద్దులు, చివరికి మజ్జిగ చిలికే కవ్వంతో సహా అన్నీ తెగినాయి. మిగిలినవి చనిపోయిన పుల్లయ్య రెండు లీవరు తుపాకులు, ఆయన పెండ్లాం రామసుబ్బమ్మ.

"తుపాకుల సంగతి, వదినె సంగతి బువ్వ తిన్నాంక చెప్తా" అని లేచినాడు పంపకం పెద్ద బసవన్న. ఆయన పుల్లయ్యకు తమ్ముని వరస.

రామసుబ్బమ్మకు తన సంగతికన్నా తుపాకుల సంగతే గుబులు. పాతదాని తూటా ఎక్కించే లీవరు కిందికి తోసి పైకి లాగితే వెన్నలో వేలు దిగినట్టు ఆడేది. దానికన్నా పదేండ్లు చిన్నదైన కొత్తది మాత్రం కీచుమని సగంలోనే పట్టేసేది. ఇద్దరికీ పాతదే కావాలి. దానికోసం ఉగాదినాడు చొక్కాలు చింపుకున్నారు కూడా. ఇప్పుడు దాని మీదనే పగబడితే, తాను ఒక కొడుకు ఇంట్లో తిని రెండోవాని గడప తొక్కే రాత ఉండదు.

కొత్తది ఎందుకు బిగుసుకుందో ఆమెకు తెలుసు. పుల్లయ్య కొత్తదని ముద్దుచేసి దానికి ఏండ్లకేండ్లు ఆముదం పోసినాడు. ఆమె కుట్టుమిషనుకూ అదే వైద్యం చేసి, అది బంకపట్టి నిలిచిపోతే, తయారుచేసినోళ్లు దొంగలని తేల్చినాడు.

మగవాళ్లు లోపల విస్తళ్ల ముందు కూర్చున్నారు, కోడండ్లు వడ్డిస్తున్నారు. ఆమె కొత్త తుపాకిని పెరటి వసారాలోకి తెచ్చింది. తూటా లేదని చూసుకుని, కిరసనాయిలు పోసి, లీవరు ఆడించి, ఊడొచ్చిన నల్లటి బంకను గుడ్డతో తుడిచింది. మిషను నూనె రెండు చుక్కలు వేసింది. లోపల మజ్జిగ వడ్డించేసరికి అది పాతదానికి కవలపిల్ల అయింది. దాన్ని తిరిగి పాతదాని పక్కన పెట్టింది.

బసవన్న వచ్చి కూర్చున్నాడు. "మెత్తగా ఆడే తుపాకి ఎవురికి కావాల్నో, వాడు అమ్మను గూడా పెట్టుకోవాల. బిగుసుకున్నది తీసుకున్నోనికి ఆ బాధ్యత లేదు. సరేనా?"

"నేను తీసుకుంటా" అన్నారిద్దరూ ఒకేసారి. రామసుబ్బమ్మ ముఖం మాత్రం పాలిపోయింది.

పెద్దవాడు నారాయణ పాతదాన్ని ఆడించినాడు. ఊరికే కొత్తదాన్నీ ఆడించినాడు. మళ్లీ ఆడించి, తమ్ముడు సోమన్న చేతికిచ్చినాడు. వాడూ ఆడించి చూసినాడు.

"రెండూ ఒకటే ఉండాయి చిన్నాయనా" అన్నాడు నారాయణ. "కొత్తది నాకియ్యి. పాతది వాన్నే తీసుకోనీ, పాపం. శానా దినాల్నుంచి అడుగుతాండాడు."

"అట్లెట్లన్నా, పెద్దోనివి నువ్వుండంగ? పాతది నీకే" అన్నాడు సోమన్న. అన్నకు వాడు అంత మర్యాద ఇవ్వడం పుట్టినంక అదే మొదలు.

బసవన్న ఆమె చేతుల నలుపు చూసినాడు. "ఎంత పని చేస్తివి వదినె" అన్నాడు మెల్లగా.

చివరికి అమ్మ నెలకొకరి వంతని తేల్చినాడు. ముప్పై ఒక్క దినాల నెలల్లో ఆ మిగిలిన దినం బువ్వ ఎవరు పెట్టాలనేది మాత్రం పొద్దు వాలినా తెగలేదు.

"ఆ దినం నేను ఒక్కపొద్దు ఉంటాలే నాయనా" అంది రామసుబ్బమ్మ.

వద్దని ఎవరూ అనలేదు.